గిటారు పట్టిన చేతులతోనే భోజనం డబ్బాలు!

1984లో జపాన్‌లో ఓ భారీ రాక్ ఉత్సవం జరిగింది. స్కార్పియన్స్, వైట్‌స్నేక్, బాన్ జోవి బృందాలు జనాన్ని ఉర్రూతలూగించాయి. వాళ్ళతోపాటు వాయించిన మరో బృందం ఆన్విల్. తక్కినవాళ్ళంతా తర్వాత కోట్లు గడించారు. మరి ఆన్విల్? ఆ పేరు మీలో ఎంతమంది విన్నారో చేతులెత్తండి చూద్దాం!

"ఆన్విల్! ది స్టోరీ ఆఫ్ ఆన్విల్" అనే డాక్యుమెంటరీకి అదే ముడిసరుకు. 2008లో సండాన్స్ చిత్రోత్సవంలో తొలిసారి ప్రదర్శించారు. డాక్యుమెంటరీ అనగానే ఆవులించకండి. నిజం చెప్పొద్దూ, హెవీ మెటల్ మోత నా చెవులకి బొత్తిగా పడదు. అయినా గంటా ఇరవై నిమిషాలూ కుర్చీలోంచి కదల్లేదు!

స్టేజీ మీద ఒంటికి తోలుపట్టీలు బిగించుకుని వీరంగం వేసిన హీరో స్టీవ్ కడ్లో. అభిమానులకి ముద్దుగా 'లిప్స్'. ఇరవయ్యేళ్ళ తర్వాత అదే మనిషి టొరంటో పరిసరాల్లో, మంచులో వ్యాను తోలుకుంటూ బడిపిల్లలకి భోజనం డబ్బాలు అందిస్తున్నాడు. డ్రమ్మర్ రాబ్ రైనర్ ఇళ్ళ నిర్మాణంలో కూలిపని చేస్తున్నాడు. యాభయ్యో పడిలో పడుతున్నా ఇద్దరూ బృందాన్ని మాత్రం వదల్లేదు. ఆన్విల్ అంటే కమ్మరి కొలిమిలో సమ్మెట దెబ్బలు తినే దాగలి. పేరు భలే కుదిరింది కదూ!

(అన్నట్టు, 1984లోనే ఓ కల్పిత రాక్ బృందం మీద "దిస్ ఈజ్ స్పైనల్ టాప్" అనే వెటకారం సినిమా వచ్చింది. దాని దర్శకుడి పేరు కూడా రాబ్ రైనరే! ఇంగ్లీషులో ఒక్క అక్షరమే తేడా.)

ఇక యూరప్ టూరు సంగతి. రైళ్ళు తప్పిపోతాయి. ప్రేగ్‌లో దారి తెలియక ఆలస్యంగా చేరితే, క్లబ్బు యజమాని డబ్బివ్వనంటాడు. లిప్స్ అతని మీదకి వెళ్తాడు. రుమేనియాలో పదివేలమంది పట్టే హాల్లో వచ్చినవాళ్ళు 174 మంది! చూస్తూ నవ్వుతాం. నవ్వుతూనే గొంతులో ఏదో అడ్డం పడుతుంది. లిప్స్ మాత్రం ఇంటికొచ్చి, అన్నీ తారుమారయ్యాయి గానీ తారుమారవడానికి టూరంటూ ఒకటి ఉందిగా అని తృప్తిపడతాడు. ఈ మనిషిని ఏం చెయ్యాలి చెప్పండి!

నాకు మరీ నచ్చింది ఇంగ్లండులోని డోవర్‌లో రికార్డింగు ఘట్టం. 1982లో వాళ్ళకి పేరు తెచ్చిన "మెటల్ ఆన్ మెటల్" ఆల్బం నిర్మాత క్రిస్ సాంగరైడిస్ దగ్గరికే పదమూడో ఆల్బం కోసం మళ్ళీ వెళ్ళారు. డబ్బు లిప్స్ అక్క అప్పిచ్చింది. అంతకుముందు ఫోన్లో కళ్ళద్దాలు అమ్మబోయి, ఆ పని తన వల్ల కాదని తెలుసుకున్నాడు మరి. ఇంత చేసి స్టూడియోలో ఇద్దరూ కుక్కాపిల్లీలా కొట్టుకుంటారు. నువ్వు పొమ్మంటే నువ్వు పొమ్మనేదాకా వస్తుంది. నిర్మాత మధ్యవర్తిత్వం చేస్తాడు. చివరికి లిప్స్ ఏడుస్తాడు, నా గోడు నీకు కాక ఎవరికి చెప్పుకోను అన్నట్టు. పధ్నాలుగేళ్ళ వయసు నాటి స్నేహం అది. ఇద్దరు మొగవాళ్ళు ఇంత నిస్సంకోచంగా రాజీపడడం నేను తెర మీద ఎక్కువగా చూడలేదు.

ఇళ్ళవాళ్ళని కూడా కెమెరా వదల్లేదు. భార్యల ముఖాల్లో ఓర్పూ కనిపిస్తుంది, విసుగూ కనిపిస్తుంది. రాబ్ తండ్రి ఆష్‌విట్జ్ నిర్బంధ శిబిరం నుంచి ప్రాణాలతో బయటపడ్డ మనిషి. కొడుకు డ్రమ్ములు వాయిస్తానంటే అడ్డుచెప్పలేదు. బృందంలో తక్కిన ఇద్దరినీ మాత్రం దర్శకుడు అన్యాయం చేశాడనే చెప్పాలి. మెరుపులా వచ్చి పోతారు.

దర్శకుడు సాషా జెర్వాసీ ఎవరనుకున్నారు? కుర్రతనంలో ఆన్విల్ వీరాభిమాని. వాళ్ళ టూర్లలో సామాను మోసినవాడు! తర్వాత హాలీవుడ్‌లో రచయితై, స్పీల్‌బర్గ్ తీసిన "ది టెర్మినల్" (2004) చిత్రానికి పనిచేశాడు. మెటాలికా డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్, గిటారిస్టు స్లాష్ లాంటి హేమాహేమీలు తెర మీదకొచ్చి ఆన్విల్‌ని మెచ్చుకుంటారు. మెచ్చుకున్నవాళ్ళంతా కోటీశ్వరులు, మెప్పు పొందినవాళ్ళకేమో జేబులో పైసా లేదు!

2006లో జపాన్ నుంచే మళ్ళీ పిలుపొచ్చింది. లౌడ్ పార్క్ ఉత్సవంలో వీళ్ళ వంతు పొద్దున్న 11 గంటల 35 నిమిషాలకి! ఆ వేళప్పుడు రాక్ వినడానికి ఎవరొస్తారు? లిప్స్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. తీరా స్టేజీ ఎక్కి చూస్తే హాలు నిండా జనం... చేతులెత్తి అరుస్తున్నారు! ఆ క్షణంలో అతని కళ్ళు చూడాలి.

సినిమా ఆడాక 2009లో ఏసీ/డీసీ లాంటి మహా బృందం కచేరీలకి ముందు వాయించే అవకాశం వచ్చింది. 2024లో కూడా కొత్త ఆల్బం తెచ్చారు. డ్రమ్ముల దగ్గర ఎవరని అడక్కండి. రాబ్ రైనరే!