ఇంటితోటలో లాంటానా మొలకల నియంత్రణ – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
పెరటిలో ఎవరూ నాటకుండానే మొలిచే పొదజాతి మొక్కలలో లాంటానా కమారా ముఖ్యమైనది. తెలుగు ప్రాంతాలలో దీనిని పులికంప, తలంబ్రాల మొక్క అనే పేర్లతో వ్యవహరిస్తారు. వెర్బినేసీ కుటుంబానికి చెందిన ఈ మొక్క జన్మస్థానం ఉష్ణమండల అమెరికా. పూల అందం కోసం 19వ శతాబ్ది ఆరంభంలో భారతదేశానికి తెచ్చిన ఈ మొక్క నేడు అడవులను, బీడు భూములను, కంచెలను ఆక్రమించింది. దీని ఆకులలోని లాంటాడీన్లు మేసిన పశువుల కాలేయాన్ని దెబ్బతీస్తాయి. ఏటా నరికివేస్తున్నా ఇది తోటలో మళ్ళీ ఎందుకు తలెత్తుతుందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

మొలకలు పుట్టే తీరు:
లాంటానా తోటలోకి రెండు మార్గాలలో వస్తుంది. మొదటిది విత్తనం. పచ్చని కాయలు పండి నల్లబడగానే గోరింకలు, పికిలిపిట్టలు వాటిని తింటాయి. విత్తనాలు రెట్టతో నేలకు చేరతాయి. అందుకే చెట్ల కింద, ప్రహరీ వెంట, తీగల కింద మొలకలు ఎక్కువగా కనిపిస్తాయి. రెండవది నరికిన మోడు. కాండం, వేరు కలిసే భాగంలో నిద్రాణంగా ఉన్న మొగ్గలు పైభాగం తొలగగానే చిగురిస్తాయి. ఒక కొమ్మ ఉన్నచోట అనేక కొమ్మలు లేస్తాయి. అంటే పైపై నరుకుడు నియంత్రణ కాదు, పొదను గుబురు చేయడమే.

గుర్తింపు:
నలుపలకల కాండం, ఎదురెదురు ఆకుల వల్ల లేత మొలకను తులసిగా పొరబడే అవకాశం ఉంది. లాంటానా ఆకు గరుకుగా ఉంటుంది. నలిపితే ఘాటైన వాసన వస్తుంది. ముళ్ళు లేత దశలో కనిపించకపోవచ్చు కనుక పెరికే ముందు ఆకును నలిపి చూడటం మేలు.

నియంత్రణ పద్ధతులు:
1. వాన వెలిసిన తరువాత నేల మెత్తగా ఉన్నప్పుడు జానెడు ఎత్తులోపు మొలకలను వేరుతో సహా పెరకాలి.
2. ముదిరిన పొదకు ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు సి.ఆర్. బాబు బృందం రూపొందించిన పద్ధతి అనుసరణీయం. ఇందులో చిగురించే భాగానికి దిగువన, నేల లోపల తల్లివేరును తెంచి, పొదను తలకిందులుగా ఉంచి ఎండనిస్తారు.
3. కాయలు పండకముందే పూగుత్తులను తుంచాలి. కాయలున్న కొమ్మలను ఎరువు గుంతలో వేయరాదు.
4. పెరికినచోట ఎండుటాకులు పరచి, స్థానిక గడ్డినో నీడనిచ్చే మొక్కలనో పెంచాలి. వెలుతురు సోకే ఖాళీ నేల కొత్త మొలకలకు అనువైనది.

రసాయనాల విషయంలో జాగ్రత్త అవసరం. గ్లైఫోసేట్ వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2022లో తెగుళ్ళ నియంత్రణ నిర్వాహకులకే పరిమితం చేసింది. అందువల్ల ఇంటివారు స్వయంగా పిచికారీ చేయడం తగదు.

ముగింపు:
మొలక పెరకడం ఒక్కరోజు పని; విత్తన ప్రవాహాన్ని ఆపడం కొన్నేళ్ళ పని. పూల కోసం కంచెలో ఉంచుకున్న తల్లి పొద కాయలు కాస్తున్నంత కాలం, ఆ ఇంటి శ్రమే కాక పొరుగిళ్ళ శ్రమ కూడా వృథా అవుతుంది. కనుక నియంత్రణ తల్లి పొద తొలగింపుతోనే ఆరంభం కావాలి.