ఫిలిప్పీను దీవులలో చింతపులుపు

మనము 'చారు' అనుదానిని గౌరిబిదనూరిలో మన కన్నడ సోదరులు 'సారు' అందురు. పేర్లు రెండైనను చింతపండు ఒక్కటే.

ఆ పులుపే ఫిలిప్పీను దీవులలోను కలదు. అచ్చటి దావావో నగరమునకు తెలుగు విద్యార్థులు పలువురు వైద్యవిద్యకై పోవుచున్నారు. 'కరిందెరియా' యను చిన్న పూటకూటి యిండ్లలో వండిన కూరలను వరుసగా పెట్టియుంతురు. చూచి, కోరినదానిని అన్నముతో తినవచ్చును.

'సినిగాంగ్' చింతకాయల పులుసు. చేపలనో మాంసమునో కూరగాయలతో అందు ఉడికింతురు. 'పుతో' బియ్యపుపిండితో ఆవిరిపై వండునది. కొంచెము తీపి, రూపమున మన ఇడ్డెనను పోలును. 'అట్సారా' పచ్చిబొప్పాయి ఊరగాయ. ఆ పేరు హిందీవారి 'అచారు'కు చుట్టము.

శాకాహారులు మాత్రము ముందుగా విచారింపవలెను. 'పినక్బెట్' అను కూరగాయల వంటకమందును ఊరవేసిన చేపల ముద్దయో రొయ్యల ముద్దయో కలుపుదురు.

పేరు క్రొత్తదని పళ్లెమును త్రోయరాదు. అందున్నది మన యింటి పులుపే కావచ్చును.