ఒక్క ప్రశ్నకు ఒక్కటే పేజీ

దుబాయ్, సోనాపూర్: సాయంత్రం బస్సు దిగి, స్నానాలు చేసి మెస్‌లో కూర్చుంటామో లేదో ప్రశ్నలు మొదలు. ‘‘అన్నా, రాజీనామా ఇస్తే గ్రాట్యుటీ ఎంతొస్తది?’’ నిన్న నిజామాబాద్ తమ్ముడు అడిగిందే ఇవాళ జగిత్యాల తమ్ముడు అడుగుతాడు, రేపు కడప నుంచి వచ్చినాయన అడుగుతాడు. చెప్పే మనిషి మారితే జవాబూ మారేది. అందుకే 2019లో ఒక లాంగ్ నోట్‌బుక్ కొని మెస్ కిటికీకి దారంతో కట్టాం. ప్రశ్న రాయండి, తెలిసినవాళ్లం జవాబు రాస్తాం అన్నాం.

2022 చివరికి మూడు పుస్తకాలు నిండాయి. తిరగేసి చూస్తే అసలు ప్రశ్నలు పట్టుమని ముప్పై లేవు! గ్రాట్యుటీ ఒక్కటే పద్నాలుగు చోట్ల ఉంది. ముందు పేజీలు ఎవరూ చూడలేదు. వాళ్ల తప్పని అనలేం. వెతుక్కునే వీలు మేమే పెట్టలేదు.

అప్పుడు నవ్వుకుని ఊరుకున్నాం. 2023లో ఆ నవ్వు పోయింది. నాలుగేళ్లు పనిచేసిన మా షట్టరింగ్ కార్పెంటర్ ఒకరు తల్లికి బాగాలేదని ఇంటికి పోదామనుకున్నాడు. పుస్తకం తెరిస్తే పాత పేజీ దొరికింది: ‘ఐదేళ్లలోపు రాజీనామా చేస్తే మూడింట రెండొంతులే.’ 1980 నాటి చట్టం ప్రకారం నాలుగేళ్ల సర్వీసుకు అది నిజమే. కానీ 2022 ఫిబ్రవరి 2 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. ఏడాది నిండితే చాలు, రాజీనామా చేసినా కోత లేదు. ఆ ముక్క మూడో పుస్తకంలో మేమే రాశాం. అతను అందాకా పోలేదు. ‘ఐదేళ్లు నింపుకొని పోతా’ అని ఆగాడు.

అతని బేసిక్ వెయ్యి దిర్హాములు. ఏడాదికి 21 రోజుల లెక్కన నాలుగేళ్లకు 2,800. పోతాయనుకున్నవి 933. ఆ డబ్బు కోసం ఆగిన రోజుల్లోనే తల్లి పోయింది. ఆఖరి చూపు కూడా దక్కలేదు.

సైటులో కొత్త డ్రాయింగ్ రాగానే పాతదాన్ని మేస్త్రీ చేతిలోంచి తీసేసుకుంటాం. లేకపోతే గోడ పాత కొలతకే లేస్తుంది. రోజూ చేసే పనే, పుస్తకం దగ్గర మరిచాం.

ఇప్పుడు కొత్త పుస్తకం పెట్టాం. మొదటి రెండు పేజీలు విషయసూచిక: జీతం, సెలవు, గ్రాట్యుటీ, పాస్‌పోర్ట్, వీసా. ప్రశ్నకు ఒక్కటే పేజీ. మళ్లీ అదే సందేహం వస్తే కొత్త పేజీ తీయకుండా దాని కిందే పేరు రాయాలి. రూల్ మారితే పాత జవాబును ఎర్ర ఇంకుతో కొట్టేసి, పక్కనే తేదీతో కొత్తది రాయాలి. చదవడం రానివాళ్లకు శుక్రవారం ఒకరు చదివి వినిపిస్తారు. అడిగినవాణ్ని ‘ముందే ఉంది కదా’ అని కసరం. చెయ్యి పట్టుకుని ఆ పేజీ దగ్గరికి తీసుకెళ్తాం.

గ్రాట్యుటీ పేజీలో ఇప్పుడున్నది ఇదీ: లెక్క మొత్తం జీతం మీద కాదు, బేసిక్ మీద. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజులు, ఆపైన ఏడాదికి 30 రోజులు.

సోదరులారా, మీ క్యాంపులోనూ ఇలాంటి పుస్తకం ఉంటే ఈ శుక్రవారం ఒకసారి తిరగేయండి. ఒకే ప్రశ్నకు రెండు జవాబులు కనిపిస్తే, పాతదాన్ని ఆ రోజే కొట్టేయండి.