పింఛనులో సగం వాటా లేదు, అసలు హక్కు వేరే ఉంది

విడాకులైతే పింఛనులో సగం పోతుందని రిటైర్మెంటు దగ్గరపడిన భర్తకు భయం. ఆ సగం తనకొస్తుందని భార్యకు ఆశ. మన శ్రీకాకుళం జిల్లాలో భావనపాడు నుంచి పలాస దాకా కాపురాల తగవు వచ్చిన చోటల్లా ఈ రెండు మాటలూ తిరుగుతుంటాయి. రెండూ తప్పే. ఆ సగం గురించి కొట్టుకునే హడావుడిలో భార్యకు నిజంగా ఉన్న హక్కు చేజారిపోతుంటుంది.

అపోహ: విడాకులైతే భర్త పింఛనులో భార్యకు సగం వాటా.

మన చట్టంలో అలాంటి వాటా ఎక్కడా లేదు. ఇది అమెరికాలో ఉన్న బంధువుల కబుర్లలోంచో, ఫోన్లో చూసే వీడియోల్లోంచో వచ్చిన నమ్మకం. అక్కడ కాపురం సాగిన కాలంలో పోగైన రిటైర్మెంటు సొమ్మును కోర్టు ఉత్తర్వుతో పంచడం ఉంది. ఇంగ్లండులోనూ 2000 డిసెంబరు నుంచి పింఛనును పంచే ఉత్తర్వులు వచ్చాయి. మన దేశంలో మొగుడూపెళ్లాల ఆస్తి ఉమ్మడి అనే పద్ధతి ప్రధానంగా గోవాలో ఉంది. మనకు పింఛను ఎవరి పేరున మంజూరైతే వాళ్లదే.

అయితే భరణం ఎంతో తేల్చేటప్పుడు ఆ పింఛను భర్త ఆదాయం కిందే లెక్క. రజ్నేష్, నేహా దంపతుల కేసులో 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు ఒక పద్ధతి పెట్టింది. ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు అన్నీ అఫిడవిట్‌లో చెప్పి తీరాలి. వ్యవసాయం మీద బతికేవాళ్లకు వేరే నమూనా ఇచ్చింది. మన ఉద్దానం ప్రాంతంలో ఆ నమూనా చాలా అవసరం, ఎందుకంటే ఇక్కడ ఆదాయం బ్యాంకు ఖాతాలో కంటే కొబ్బరి తోటలో, జీడి తోటలో ఎక్కువ ఉంటుంది. తిత్లీ తుపాను తోటను తుడిచేసిందని 2018 నాటి నష్టాన్ని ఇప్పటికీ చూపించే భర్త, మళ్లీ నాటిన మొక్కలు ఇప్పుడెలా ఉన్నాయో కూడా చెప్పాలి.

పింఛను స్లిప్పును నమ్మి ఊరుకోకూడదు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి తన పింఛనులో 40 శాతం దాకా కమ్యూట్ చేసుకుని ఒకేసారి తీసుకోవచ్చు. ఆ మేరకు నెలనెలా కోత పడుతుంది. గ్రాట్యుటీ, సెలవుల సొమ్ము దానికి అదనం. "నాకొచ్చేదే ఇంత" అని కోత పడిన స్లిప్పు చూపించే మనిషిని ఆ మొత్తం ఏమైందని అడగాలి. ఈ ఒక్క ప్రశ్న అడగని లాయరుకు ఫీజు దండగ అంటాను.

భర్త జీతంలో నాలుగో వంతు భరణంగా ఇవ్వాలన్నది కూడా రూలు కాదు. కల్యాణ్ డే చౌధురి కేసులో 2017లో సుప్రీంకోర్టు నికర జీతంలో 25 శాతం సమంజసమంది. ఆ మాట జనం నోట లెక్కగా స్థిరపడింది. నిజానికి ఏ కేసుకు ఆ కేసే.

అపోహ: పింఛనునూ మిలటరీ జీతాన్నీ ఏ కోర్టూ ముట్టుకోలేదు.

1871 నాటి పింఛన్ల చట్టం పింఛనును అప్పులవాళ్ల జప్తు నుంచి కాపాడుతుంది. కానీ భార్య అప్పులవాడితో సమానం కాదు. ఆమె భరణం కోసం పింఛనును జప్తు చేయొచ్చని బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి 2018లో చెప్పింది. ఇక జవాన్ల సంగతి. భార్యాపిల్లల పోషణకు జవాను జీతంలోంచే కోసి ఇచ్చే అధికారం సైనిక చట్టం, 1950లోనే ఉంది. భార్య యూనిట్ అధికారులకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఉద్దానంలో జవాను లేని ఊరు తక్కువ. ఈ దారి ఉందని తెలిసిన ఇల్లాళ్లు మాత్రం అంతకంటే తక్కువ.

అపోహ: పెద్దల ముందు కాగితం రాసుకుంటే విడాకులైనట్టే.

తీరంలో తగవులు ముందు కుల పెద్దల దగ్గరికే వెళ్తాయి. మాటలవుతాయి, సొమ్ము లెక్క తేలుతుంది, స్టాంపు కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెడతారు. ఆ తర్వాత భర్త మరో పెళ్లి చేసుకుంటాడు. కులాచారం ప్రకారం విడాకులను హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ గుర్తిస్తుంది, నిజమే. అయితే అలాంటి ఆచారం ఆ కులంలో తరతరాలుగా ఉందని కోర్టులో రుజువు చేయాలి. చేయలేకపోతే ఆ కాగితానికి విలువ లేదు, మొదటి భార్యే చట్టం దృష్టిలో భార్య. భర్త పోయాక రెండో ఆమె ఫ్యామిలీ పింఛను కోసం వెళ్తే అక్కడ బయటపడుతుంది అసలు సంగతి. 2000లో రామేశ్వరీ దేవి కేసులో సుప్రీంకోర్టు రెండో భార్యకు హక్కు లేదంది, ఆమె పిల్లలకు మాత్రం వాటా ఇచ్చింది.

ఈ కాగితం మొదటి భార్యకూ ముల్లే. "ఇద్దరం ఇష్టపూర్వకంగా విడిగా ఉంటున్నాం" అని అందులో రాస్తారు. పరస్పర అంగీకారంతో వేరుగా ఉండే భార్య మేజిస్ట్రేటు కోర్టులో భరణం అడగలేదని చట్టంలోనే ఉంది. భర్త తరఫు లాయరు మొదట తీసేది ఆ కాగితమే. కోర్టు డిక్రీతో పరస్పర అంగీకార విడాకులు పొందిన భార్యకు ఈ అడ్డు లేదని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పెద్దలు తగవు తీర్చడం మంచిదే, నేనేమీ కాదనను. వాళ్లు రాయించే ఆ ఒక్క వాక్యం మీదే నా అభ్యంతరం.

అపోహ: విడాకులైనా భర్త పోతే ఫ్యామిలీ పింఛను నాకే.

రాదు. డిక్రీ వచ్చిన రోజే ఆ హక్కు పోతుంది. పాత పింఛను విధానంలో ఉన్న రాష్ట్ర ఉద్యోగి భార్యకు మామూలు ఫ్యామిలీ పింఛను చివరి జీతంలో 30 శాతం, దాని మీద కరువు భృతి. బతికున్నంత కాలం వచ్చే సొమ్ము అది. యాభై దాటిన టీచరు భార్య ఏకమొత్తం తీసుకుని పరస్పర అంగీకార విడాకులకు సంతకం పెడుతుందంటే, దీన్ని కూడా వదులుకుంటోందన్నమాట. ఆ ఏకమొత్తంలో దీని విలువ కలిసిందా? చాలా ఒప్పందాల్లో ఈ మాటే ఉండదు. కేసు నడుస్తుండగా భర్త పోతే మాత్రం ఆమె భార్యే, హక్కు ఆమెదే. పిల్లల హక్కు విడాకులతో పోదు.

2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన రాష్ట్ర ఉద్యోగులు కాంట్రిబ్యూటరీ పింఛను పథకం (సీపీఎస్) కిందకొస్తారు, వాళ్ల లెక్క వేరు. పీఎఫ్‌లో నామినీ పేరు మార్చారో లేదో కూడా చూసుకోండి.

పుట్టింటికి చేరిన కూతుళ్ల కోసం ఇంకో మాట. తల్లి గానీ తండ్రి గానీ కేంద్ర ప్రభుత్వ పింఛనుదారు అయితే, వాళ్ల మీద ఆధారపడిన విడాకులైన కూతురికి ఫ్యామిలీ పింఛను రావచ్చు. డిక్రీ ఆలస్యమైనా ఫరవాలేదు గానీ, విడాకుల కేసు వాళ్లు బతికుండగానే వేసి ఉండాలి.

అపోహ: సంపాదించే ఆడదానికి భరణం రాదు.

పలాసలో జీడిపప్పు ఒలిచే మనిషి, భావనపాడులో చేపల గంప మోసే మనిషి, ఇద్దరూ సంపాదిస్తున్నవాళ్లే. కాస్తో కూస్తో సంపాదన ఉన్నంత మాత్రాన భరణం కాదనలేమని 2014లో సునీతా కచ్వాహా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఒంట్లో సత్తువున్న భర్త కూలి చేసైనా పోషించాలని 2022లో అంజూ గర్గ్ కేసులో చెప్పింది. డయాలిసిస్ మీద బతుకుతున్న భర్త సంగతి వేరు, కోర్టు అతని స్థితినీ చూస్తుంది. హిందూ వివాహ చట్టం కింద, ఆదాయం లేని భర్త కూడా సంపాదించే భార్యను భరణం అడగొచ్చు.

అపోహ: "ఆయన వెరావల్లో ఉంటే కేసు అక్కడే ఎయ్యాలి గదా?"

అక్కర్లేదు. బోటు మీద కలాసీగా గుజరాత్ వెళ్లిన భర్త మీద భార్య తానుండే చోటే కేసు వేయొచ్చు. పాత 125వ సెక్షన్ 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది, ఈ హక్కు అలాగే ఉంది. విడాకులైన ముస్లిం మహిళలకూ ఇదే దారి ఉందని 2024 జులై 10న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అది తెలంగాణ నుంచి వెళ్లిన కేసే.

ఎన్టీఆర్ భరోసా పింఛను పథకం కింద ఒంటరి మహిళకు నెలనెలా వచ్చే నాలుగు వేలు ప్రభుత్వ సాయం. అది తీసుకున్నంత మాత్రాన భర్త బాధ్యత తీరిపోదు.

ఉత్తర్వు చేతికొచ్చాక ఊరుకోకండి. భరణం బకాయి పడితే, పడిన ఏడాదిలోపే వసూలుకు దరఖాస్తు వేయాలి. లాయరు ఫీజుకు డబ్బు లేదని వెనక్కి తగ్గొద్దు. ఆదాయం ఎంతున్నా ప్రతి మహిళకూ ఉచిత న్యాయ సహాయం చట్టమిచ్చిన హక్కు. ఫోను నంబరు 15100.