పెద్దల మెడకు శస్త్రచికిత్స – ఇల్లాలు తెలిసికొనవలసిన సంగతులు

ఇంటిలో ముసలివారి చేయి పట్టుదప్పుచున్నదని మొట్టమొదట కనిపెట్టునది వారికి అన్నము వడ్డించు ఇల్లాలే. నిన్నటివరకు చక్కగా కలుపుకొని తినిన మామగారి వ్రేళ్ల సందులనుండి నేడు మెతుకులు జారును. అత్తగారికి రవికె బొత్తాము పట్టుబడదు; కాలి చెప్పు జారిపోయినను తెలియదు. ‘వయసు మీదపడినది, అంతే’ యని మనము ఊరకుందుము. ఆ ఊరకుండుటయే ఒక్కొక్కప్పుడు కీడు తెచ్చును.

మెడయందు 7 పూసలు కలవు. వాని నడిమి మార్గమున వెన్నుపాము దిగుచున్నది. వయసుతో పూసల నడిమి బిళ్లలు అరిగి, ఎముకల అంచులు పెరిగి, ఆ మార్గము ఇరుకగును. వెన్నుపాము నలిగినచో చేతి నేర్పు తగ్గును, నడక తూలును, ముదిరినపిమ్మట మూత్రముపై అదుపు తప్పును. మెడనొప్పి లేకయే ఇది రావచ్చును.

గుడివాడ పొలములలో నాట్లు వేసిన వారికిని, పెడనలో కలంకారీ అద్దువారికిని, చిలకలపూడిలో గిల్టునగలు చేయువారికిని మెడ నొచ్చుట కలదు. వట్టి నొప్పికి సాధారణముగా శస్త్రచికిత్స అక్కరలేదు. పరీక్ష యొకటి చెప్పెదను. 10 సెకండ్లలో పిడికిలి ఎన్నిమారులు బిగించి విప్పగలరో లెక్కింపుడు. ఆరోగ్యవంతులు సామాన్యముగా 20 మారులు చేయుదురు. వృద్ధులకు కొంత తగ్గుట సహజమే. కాని మిక్కిలి తగ్గి, నడకయు తూలుచున్నచో వైద్యునికి చూపవలెను. ఎమ్మారై చిత్రమున నలుగుడు తెలియును.

శస్త్రచికిత్స రెండు విధములు. ముందునుండి బిళ్లను తీసి పూసలను కలుపు పద్ధతిని 1955లో అమెరికాలో స్మిత్తు, రాబిన్సనులు తెలిపిరి. మన దివిసీమను ఉప్పెన ముంచిన 1977వ సంవత్సరముననే జపానులో హిరబయాషి యను వైద్యుడు వెనుకనుండి పూసను తలుపువలె తెరచి మార్గము వెడల్పు చేయు పద్ధతిని కనుగొనెను.

ఫలమెట్లుండును? వ్యాధి మరింత ముదురకుండ ఆపుటయే ముఖ్యోద్దేశము. పలువురికి నెలలు గడచినకొలది చేతిపట్టు, నడక కొంత బాగుపడును. చాలకాలము నలిగిన వెన్నుపాము మాత్రము పూర్తిగా కోలుకొనదు. కావున ఆలస్యము నష్టకరము. ఏండ్లు మీరినవన్న యొక్క కారణమున చికిత్స మానరాదు, శరీరబలమును చూడవలెను.

అపాయములును దాచరాదు. ముందునుండి చేసినపుడు కొన్నాళ్లు మ్రింగుట కష్టమై, గొంతు బొంగురుపోవచ్చును. వెనుకనుండి చేసినపుడు భుజము బలహీనపడి, తరచు నెలలలో తేరుకొనును. గాయమున చీము పట్టుట, ఊపిరితిత్తుల వాపు, కొలదిదినములు మతి తికమకపడుట వృద్ధులకు ఎక్కువ. అరుదుగా బలహీనత పెరుగును, ప్రాణహానియు కలుగవచ్చును. మధుమేహము, గుండెజబ్బు, పొగత్రాగుట ఈ అపాయములను పెంచును.

మచిలీపట్టణమున 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైనది. నాగాయలంకనుండి వచ్చినను, కోడూరునుండి వచ్చినను, వైద్యుని ఇట్లడుగుడు: చేయకున్న నేమగును? ఈ రోగికి ఏమి బాగుపడును, ఏమి బాగుపడదు? అపాయములేవి? ప్రభుత్వ పథకము వర్తించునా? పలుచని రక్తమునకై వాడు మాత్రలున్నచో ముందే చెప్పుడు. మీయంతట మీరు మానింపకుడు.

క్షౌరశాలలో మెడ విరిపించుకొనుటను మాన్పింపుడు. పాచిపట్టిన కాలువరేవునకు ముసలివారిని ఒంటరిగ పంపకుడు; ఇరుకైన మెడకు చిన్న పాటు చాలును, కాలుసేతులు పడిపోవుటకు. చికిత్సానంతరము మెత్తని అన్నము కొద్దికొద్దిగ కూర్చుండబెట్టి పెట్టుడు, చెప్పినట్లు నడిపింపుడు.

నిశ్చయము రోగిదే. వారి నడుగక కొడుకులు, కోడండ్రు తామే తీర్పు చెప్పుట తగదు. మనము చేయవలసినది వేళకు చూచుట, ఉన్నది ఉన్నట్లు చెప్పుట, చేయూతనిచ్చుట. రేపు వడ్డించునపుడు, పెద్దల వ్రేళ్లవైపు ఒక్కమారు చూడుడు.