తొలి శ్వాసతో తెరుచుకునే దారి

ఇబ్నె నఫీస్ (రహ్మతుల్లాహి అలైహ్) పేరు రాగానే మన ఉపన్యాసకులు ఒక్క వాక్యంతో సరిపెడతారు: ఊపిరితిత్తుల రక్తప్రసరణను కనుగొన్న ముస్లిం వైద్యుడు అని. ఆయన కైరోలో షాఫయీ ఫిఖ్హ్ బోధించిన అధ్యాపకుడు కూడానన్న సంగతి చాలామందికి తెలియదు. క్రీ.శ. 1242లో ఇబ్నె సీనా గ్రంథంలోని శరీర నిర్మాణ భాగానికి వ్యాఖ్యానం రాస్తూ, గుండె కుడి, ఎడమ గదుల మధ్య గోడలో రంధ్రాలు లేవనీ, రక్తం ఊపిరితిత్తుల గుండా వెళ్ళి, అక్కడ గాలిని కలుపుకొని ఎడమ గదికి చేరుతుందనీ ఆయన తేల్చిచెప్పారు. అంతకు దాదాపు వెయ్యేళ్ళుగా గాలెన్ మాటే ప్రమాణంగా ఉండేది.

అయితే ఈ దారిని సందర్భాన్ని బట్టి వెడల్పు చేసేది, ఇరుకు చేసేది ఏమిటి? దీనికి జవాబు ఇరవయ్యో శతాబ్దంలో దొరికింది. చేతికి పట్టీ కట్టి చూస్తే 120/80 కనిపించే రక్తపోటు, ఊపిరితిత్తుల ధమనిలో సుమారు 25/10 మాత్రమే. అంత తక్కువ ఒత్తిడితోనే నిమిషానికి 5 లీటర్ల రక్తం అక్కడ ప్రవహిస్తుంది. కండరాలకు ప్రాణవాయువు తగ్గితే వాటి రక్తనాళాలు విప్పారతాయి. ఊపిరితిత్తులలో జరిగేది ఇందుకు పూర్తిగా విరుద్ధం. గాలి అందని భాగంలో నాళాలు బిగుసుకొని, రక్తాన్ని గాలి ఉన్న వైపుకు మళ్ళిస్తాయి. మూసి ఉన్న దుకాణం ముందు సంచి పట్టుకొని నిలబడి ప్రయోజనమేముంది? 1946లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఫాన్ ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ పిల్లులపై చేసిన ప్రయోగాలతో ఈ విషయాన్ని వెల్లడించారు.

ఇందులో నరాల పాత్ర కొద్దిపాటిదే. మార్పిడి చేసిన ఊపిరితిత్తికి నరాలు తెగిపోయి ఉన్నా రక్తప్రసరణ సాగుతూనే ఉంటుంది. అసలు అధికారం రసాయనాలది. ఎండోథీలిన్, థ్రాంబాక్సేన్ నాళాలను బిగిస్తాయి. నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాసైక్లిన్ సడలిస్తాయి. నైట్రిక్ ఆక్సైడ్ చేసే ఈ పనిని వెలికితీసిన ముగ్గురికి 1998లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ ఏర్పాటు ఎంత సున్నితమైనదో కాన్పు గదిలో తెలుస్తుంది. మాతృగర్భంలో శిశువు ఊపిరితిత్తుల నిండా ద్రవమే. నాళాలు బిగిసి ఉంటాయి. గుండె పంపే రక్తంలో సుమారు పదో వంతే అటు వెళుతుంది. మిగిలినది వేరే దారిన పోతుంది. పుట్టి తొలి శ్వాస తీసుకోగానే గాలి నిండి, సడలించే రసాయనాలు ఊరి, కొద్ది నిమిషాల్లోనే నాళాలు తెరుచుకుంటాయి. సుబ్‌హానల్లాహ్! కానీ కొందరు శిశువులలో ఆ దారి తెరుచుకోదు. ఊపిరి ఆలస్యమైనా, కడుపులోనే మలం కలిసిన ద్రవం పీల్చినా, సూక్ష్మక్రిములు సోకినా అలా జరగవచ్చు. చలి దాన్ని మరింత బిగిస్తుంది. అప్పుడు ప్రాణవాయువు, శ్వాసయంత్రం, పెద్ద ఆసుపత్రులలోనైతే శ్వాసతో పంపే నైట్రిక్ ఆక్సైడ్ వాయువు అవసరమవుతాయి.

ఇక్కడే మన ఇళ్ళలో ఒక తొందరపాటు కనిపిస్తుంది. శిశువు చెవిలో అజాన్ ఇవ్వనిదే లోపలికి తీసుకువెళ్ళనివ్వమని తాతయ్యలు పట్టుబడతారు. అజాన్ ముస్తహబ్, ప్రాణరక్షణ విధి. వైద్యులు శిశువుకు ఊపిరి అందిస్తున్నప్పుడు వారి చేతికి అడ్డురావడం ధర్మసమ్మతం కాదు. గంట తర్వాత ఇచ్చినా, మరునాడు ఇచ్చినా అజాన్ అజానే.

తల్లులకు మరో మాట. గర్భస్థ శిశువులో ఊపిరితిత్తులను తప్పించి రక్తాన్ని తీసుకుపోయే నాళాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు వాటిని అణచివేస్తాయి. నెలలు నిండుతున్న కొద్దీ ఆ నాళం ముందే మూసుకుపోయే ప్రమాదం పెరుగుతుంది. కనుక నడుం నొప్పి అని మందుల దుకాణంలో అడిగి మింగవద్దు, వైద్యురాలిని అడగండి.

పుట్టిన మొదటి రోజు అరచేతులు, అరికాళ్ళు కాస్త నీలంగా ఉండటం సాధారణమే. పెదవులు, నాలుక నీలిరంగుకు తిరిగినా, ఊపిరి ఎగపోస్తున్నా, మూలుగుతున్నా అది వేరు. తెల్లవారేదాకా ఆగకండి. దారిలో బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి, తలకు టోపీ తొడిగి, వెచ్చగా ఉంచి తీసుకువెళ్ళండి.