చలికాలంలో మనీప్లాంట్‌కి ఆకలి వేయదు

మా వారికి లక్నో బదిలీ అయినప్పుడు సామానంతా లారీకెక్కించాం గానీ, ఒక్క కుండీని మాత్రం నేను రైల్లో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను. సామర్లకోటలో మా అమ్మ వరండా స్తంభానికి పాకించిన మనీప్లాంట్ నుంచి తెచ్చిన తీగ అది. అమ్మ పోయాక ఆ ఇల్లు అమ్మేశాం. కొన్నవాళ్లు వరండా పడగొట్టారు. అమ్మ మొక్కల్లో మిగిలింది ఈ కుండీ ఒక్కటే.

దాన్ని నా చేతులతో నేనే చంపబోయాను. లక్నోలో జనవరి అంటే పొగమంచు. రోజుల తరబడి ఎండ సరిగా రాదు, రాత్రుళ్లు ఉష్ణోగ్రత 7, 8 డిగ్రీలకు దిగిపోతుంది. మొక్క కొత్త ఆకు వేయడం మానేసింది. కింది ఆకులు రెండు పసుపెక్కాయి. పాపం బలం చాలడం లేదనుకుని ఒక చెంచాడు యూరియా మట్టి మీద చల్లి నీళ్లు పోశాను. వారం తిరక్కుండా ఆకుల అంచులు కాలినట్టు గోధుమరంగుకి తిరిగాయి. కంగారుపడి ఇంకో అర చెంచా వేశాను! తీగ మొదలు మెత్తబడిపోయింది.

కుండీ పట్టుకుని దగ్గర్లోని నర్సరీకి పరుగెత్తాను. అక్కడి ముసలాయన మట్టి వేలితో తీసి చూసి, "నిద్రపోతున్న పిల్లాడి నోట్లో లడ్డూ కుక్కావు బిటియా" అన్నాడు.

ఆ మాట వెనక ఉన్న సంగతి తర్వాత చదివి తెలుసుకున్నాను. మనం ఎరువును మొక్కకు అన్నం అనుకుంటాం. నిజానికి అన్నం వండుకునేది ఆకే, వెలుతురుతో. ఎరువు ఆ వంటలో ఉప్పూ పప్పూ లాంటిది. వెలుతురు తగ్గి, చలి పెరిగితే వంట మందగిస్తుంది, వేళ్లు ఎరువును పీల్చుకోవు. అది మట్టిలోనే లవణంగా పేరుకుంటుంది. ఊరగాయలో ఉప్పు ముక్కలోని నీటిని ఎలా లాగేస్తుందో, ఆ లవణం కూడా వేళ్లలోని నీటిని అలాగే లాగేస్తుంది. తడి మట్టిలో ఉండి కూడా మొక్క దాహంతో ఎండిపోతుంది. యూరియాలో 46 శాతం నత్రజని. పొలానికి పనికొచ్చే ఆ ఘాటు 8 అంగుళాల కుండీ ఎక్కడ తట్టుకుంటుంది?

వేళ్లు అప్పటికే కుళ్లాయి. తీగ పైభాగంలో గట్టిగా ఉన్నచోట కణుపులతో నాలుగు ముక్కలు కోసి సీసా నీళ్లలో, కిటికీ పక్కన పెట్టాను. రెండు పోయాయి. మిగిలిన రెండూ ఫిబ్రవరి చివర్లో తెల్లటి వేళ్లు తీశాయి. ఆ రోజు నేను మా వారికి ఆఫీసుకు ఫోన్ చేసి మరీ చెప్పాను. (అంచులు మాడడం మొదలైన దశలోనే గమనిస్తే ఇంత కష్టం అక్కర్లేదు. కుండీని పంపు కింద పెట్టి, అడుగు కన్నంలోంచి నీరు ధారాళంగా కారేలా మూడు నాలుగు సార్లు పోస్తే చాలావరకు లవణం కొట్టుకుపోతుంది.)

ఇప్పుడు హైదరాబాదులో ఉన్నాం. ఎరువు తేదీ చూసి కాదు, కొత్త ఆకు చూసి వేస్తున్నాను. మార్చిలో చుట్ట చుట్టుకున్న లేతాకు కనబడగానే మొదలుపెడతాను. నీళ్లలో కరిగే 19:19:19 ఎరువు, 5 లీటర్ల నీటికి ఒక టీస్పూను, అంటే లీటరుకు సుమారు ఒక గ్రాము. ముందు మామూలు నీళ్లతో మట్టి తడిపి, ఆ తర్వాతే పోస్తాను. పొడి మట్టిలో నేరుగా పోస్తే వేళ్లు మాడతాయి. మూడు వారాలకొకసారి చాలు. మే నెలలో 40 డిగ్రీలు దాటి బాల్కనీలో ఆకులు వేలాడుతున్నప్పుడు ఎరువు జోలికి పోను. నీళ్లు, నీడ, అంతే.

అసలు సీజను వానాకాలం. జూన్ నుంచి అక్టోబరు దాకా తీగ ఆగదు. అప్పుడే కుండీ మార్చడం, గుప్పెడు వర్మీ కంపోస్టు పై మట్టిలో కలపడం. కొత్త మట్టిలోకి మార్చిన మొక్కకు నెలరోజులు వేరే ఎరువు వేయను. నవంబరులో మోతాదు సగం. డిసెంబరు, జనవరి పూర్తిగా బంద్. విశాఖలో ఉండే మా చెల్లెలికి మాత్రం ఈ లెక్క కుదరదు. అక్కడ చలి తక్కువ, జనవరిలోనూ ఆకు వస్తూనే ఉంటుంది కనుక నెలకోసారి సగం మోతాదు వేస్తుంది.

బియ్యం కడిగిన నీళ్లు పోస్తే తప్పు లేదు, అయితే అందులో ఉండే బలం స్వల్పం. పాలూ పంచదారా కలిసిన టీ పొడి మాత్రం వద్దు. మా ఇంట్లో చీమల పుట్టే లేచింది.

మొన్న మా అమ్మాయి బెంగళూరులో ఉద్యోగానికి వెళ్తూ ఆ తీగలోంచి రెండు కణుపుల ముక్క తీసుకెళ్లింది. సీసాలో పెట్టుకుంది. వారానికోసారి నీళ్లు మార్చమన్నాను, వేళ్లు వచ్చేదాకా ఇంకేమీ వేయొద్దన్నాను. నిన్న ఫోన్ చేసి, "అమ్మా, ఒక ఆకు పసుపెక్కింది, ఏదైనా వెయ్యనా?" అంది. ముందు ఫోటో పంపమన్నాను.